దండ వేసిన పెట్టె

నాకు దెయ్యాలంటే భయం తక్కువ, అసహ్యం ఎక్కువ. భయపడ్డవాళ్ళు పారిపోతారు. నాకు ముందు చీపురుకట్ట గుర్తొస్తుంది. "యముడొచ్చినా నువ్వు కాళ్ళు కడుక్కుని రమ్మంటావు" అని మావారు వేళాకోళం చేస్తుంటారు. అంటాను మరి. బురద కాళ్ళతో గడప తొక్కితే యముడైతే మాత్రం ఊరుకుంటానా?

ఈ డెబ్భై ఆరో సంవత్సరమే, మాఘమాసం. మధ్యాహ్నం భోజనాలు కాగానే వడ్డాది నుంచి మా ఊరి బండివాడు పరదేశి చేత గూడుబండి కట్టించుకుని చోడవరం బయల్దేరాను. మా చెల్లెలు అలివేలుమంగని పురిటికి తీసుకురావాలి. అమ్మ పోయాక మంగకి తల్లినైనా అక్కనైనా నేనే. ఆ రోజుతో దానికి ఏడో నెల వెళ్ళిపోతుంది. తెల్లారితే ఎనిమిదో నెల. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని ఊరు దాటించరు. అంటే మళ్ళీ తొమ్మిదో నెల వచ్చేదాకా అది అత్తవారింట్లోనే ఉండాలి. మామూలుగా అయితే ఉండనీ అనుకునేదాన్నే. కానీ ఆ ఇంట్లో టీవీ ఉంది.

నవ్వకండి. చోడవరంలో టీవీ ఏమిటి, అక్కడ ఏం వస్తుంది అని మీరడుగుతారు. ఏమీ రాదు. అదే నా బాధ.

మంగ మొగుడు కామేశం ఓ ఆఫీసులో గుమాస్తా. మంచివాడే, కానీ కొత్త వస్తువు కనపడితే చంటిపిల్లాడు. విశాఖపట్నంలో ఓడ సరుకు అమ్మేవాడి దగ్గర ఎలా సంపాదించాడో, దీపావళి వెళ్ళిన వారానికి బస్సు మీద కట్టించి ఓ టీవీ తెచ్చాడు. టేకు చెక్క పెట్టె. ముందు రెండు తలుపులు. తలుపులు తీస్తే బూడిదరంగు గాజు పలక. మద్రాసులో టీవీ మొదలైందని ఎవరో చెప్పారట. "మద్రాసు సముద్రమూ మన సముద్రమూ ఒకటే కదా వదినా! నీళ్ళ మీద అడ్డమేటుంది? జారుకుంటూ వచ్చెయ్యదూ?" అన్నాడు నాతో. మేడ మీద వెదురు గెడ పాతి దాని కొసకి ఇనప ముళ్ళు కట్టాడు. కాకులు వాలడానికి బాగా పనికొచ్చింది.

పెట్టెకి పూజ చేసిన రోజు నేనూ ఉన్నాను. ఆ రెండు తలుపులూ చూసి మంగ అత్తగారు అచ్చియ్యమ్మ అది దేవుడి మందిరంలా ఉందంది. కొబ్బరికాయ కొట్టింది. గాజు పలక నట్టనడుమ కుంకం బొట్టు పెట్టింది. ఈ మూల నుంచి ఆ మూలకి బంతిపూల దండ వేలాడేసింది. వీధి వీధంతా వచ్చి కూచుంది. కామేశం మీట తిప్పాడు. గాజు వెలిగింది. సుయ్... మని సన్నటి చప్పుడు. తెల్లగా, నల్లగా ఏవో చుక్కలు లుకలుకలాడాయి. ముక్కిపోయిన బియ్యం చేటలో పోస్తే పురుగులు కదిలినట్టు కదిలాయి. నేను మొహం తిప్పుకున్నాను. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

అప్పుడు పరదేశి నన్ను ఎక్కించుకోవడానికి గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి చూశాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ గాజుకేసి దణ్ణం పెట్టి మెల్లగా నన్నడిగాడు.

"ఎవులు పోయేరమ్మా?"

వాడి తప్పేమీ లేదు. మా వైపు అద్దాల పటానికి నడుమ బొట్టు పెట్టి దండ వేశారంటే ఆ పటంలో మనిషి పోయినట్టే. బతికున్నవాళ్ళ పటానికి ఎవరూ దండ వెయ్యరు. అంతవరకూ అది నాకు తట్టనే లేదు. తక్కినవాళ్ళు పగలబడి నవ్వారు. కామేశం తొడ చరుచుకుని, "ఇంకా ఎవులూ పడలేదు పరదేశీ! ఎవులో ఒకరు పడతారు, పడకపోతారేటి!" అన్నాడు.

సినిమా హాల్లో బొమ్మ పడింది అంటామే, ఆ అర్థంలో అన్నాడు. కానీ అది దీపాలు పెట్టే వేళ. తథాస్తు దేవతలు ఆ వేళకే తిరుగుతారని మా అమ్మ మమ్మల్ని చెడ్డమాట అననిచ్చేది కాదు. వాళ్ళకి సినిమా హాలు భాష తెలుసో లేదో ఎవరికి తెలుసు? "ఆ దండ తీయించండి అత్తయ్యగారూ, బాగులేదు" అన్నాను. "పూజ చేసిన దండ ఎండిపోకండా తీస్తారేటమ్మా?" అంది అచ్చియ్యమ్మ.

ఆ తరవాత మంగ మా ఇంటికి రాలేదు. పుష్యమాసంలో కామేశమే తీసుకొస్తానన్నాడు. తీసుకురాలేదు. వాళ్ళింట్లో పనిచేసే చిన్నతల్లి మానేసిందని, అడిగితే "ఆ ఇంట్లోకి కాలెట్టలేనమ్మా, కంపు" అందని ఒకరి ద్వారా తెలిసింది. కంపు అన్న మాట వినగానే నేను ఆగలేదు.

చోడవరం పొలిమేరల్లో చెరకుబళ్ళు బారులు తీరి ఉన్నాయి. గానుగ ఆడే రోజులు. ఊరంతా చెరకు మడ్డి వాసన, పుల్లగా, తియ్యగా, ముక్కుకి అంటుకుపోయేలా. మా బండి ఆ బారుల పక్క నుంచి ఈడ్చుకుంటూ వెళ్ళేసరికి పొద్దు వాలిపోయింది.

కామేశం ఇంటి తలుపు జేరవేసి ఉంది. వాకిట్లో ముగ్గు లేదు. ఎన్నాళ్ళ ఆకులో గుమ్మం ముందు కుళ్ళి పడున్నాయి. పరదేశిని బండి దగ్గరే ఉండమని తలుపు తోశాను.

ముందు వాసన కొట్టింది. మడ్డి వాసన కాదు. పాచి నోరు, పులిసిన అన్నం, మాసిన తల, తడి ఆరని గుడ్డలు, అన్నీ కలిసి మూసిన గదిలో ఉడికితే వచ్చే వాసన. పమిట ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. కిటికీలకి గోనెపట్టాలు కొట్టి ఉన్నాయి, వెలుతురు గాజు మీద పడకుండా. లోపల ఆ పెట్టె ఒక్కటే వెలుగుతోంది.

సుయ్...

దాని ముందు ముగ్గురూ కూచుని ఉన్నారు. చాప మీద మధ్యలో మంగ, ఓ పక్క మొగుడు, ఓ పక్క అత్త. ముగ్గురి మొహాల మీదా ఆ తెల్ల పురుగులు పాకుతున్నట్టు వెలుగు కదులుతోంది. ఎవరూ తల తిప్పలేదు.

"మంగా!" అన్నాను.

"అక్కా... అడ్డు తప్పుకో" అంది. ఎన్నాళ్ళకో కనపడిన అక్కతో అన్న మొదటి మాట అది.

నా చెల్లెలు పొద్దున్నే స్నానం చెయ్యందే మంచినీళ్ళు ముట్టేది కాదు. ఇప్పుడు దాని జుట్టు అట్టలు కట్టింది. కళ్ళలో పుసి. నుదుట బొట్టు లేదు. పెదాలు పగిలి అంచులు తెల్లబడ్డాయి. చేతులు పుల్లలైపోయి, పొట్ట ఒక్కటే ముందుకొచ్చి ఉంది. పక్కన కంచంలో ఎప్పటిదో అన్నం, దాని మీద నల్లగా చీమలు. నేను చూస్తూ ఉండగానే అది గాజు మీంచి చూపు తిప్పకుండా చెయ్యి కంచంలో పెట్టి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. చీమలతో సహా. ఓ చీమ పెదవి మీంచి చెంప మీదికి పాకింది. అది తుడుచుకోనైనా లేదు.

కంచం లాగి గోడకేసి కొట్టాను. ఖణేల్మంది. ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

"ఏటర్రా ఇది? ఇల్లా, పెంటకుప్పా? కామేశం! కడుపుతో ఉన్నదాన్ని ఇలాగ కూచోబెట్టేవు, బుద్ధుందా నీకు? ఆఫీసుకి వెళ్తన్నావా మానేసేవా?"

"వెళ్తాను వదినా. పడ్డాక వెళ్తాను" అన్నాడు మెల్లగా, గుళ్ళో మాట్లాడినట్టు. "కొంచెం కొంచెంగా పడతోంది. ముందు జుట్టు పడింది. మొన్న ముక్కు పడింది. నిన్న..."

"నిన్న సెవి పడింది" అంది అచ్చియ్యమ్మ.

"ఇవాళ కళ్ళు పడతాయి" అన్నాడు కామేశం.

"ఎవరి ముక్కురా? ఎవరి చెవి?"

నేను పెట్టెకేసి చూశాను. చుక్కలు తప్ప ఏమీ లేదు. లుకలుక, లుకలుక. చూసేకొద్దీ ఆ లుకలుకలో ఏదో ఆకారం ఉందేమో అనిపిస్తుంది, ఇంకో క్షణం చూస్తే తెలుస్తుందనిపిస్తుంది. చప్పున కళ్ళు మూసుకున్నాను. ఏదీ రానిదాని ముందే ఇలా కుళ్ళిపోయారే, నిజంగా ఏదైనా వచ్చుంటే ఈ మనుషులు ఏమయ్యేవారు అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి దండ కనపడింది. దీపావళి నాటి దండే. పూలన్నీ నల్లబడి, ముద్ద కట్టి, దారానికి వేలాడుతున్నాయి. ఈగలు ముసిరి ఉన్నాయి. దాన్నుంచి కారిన జిగురు గాజు మీద గీతలు కట్టింది. కానీ ఆ నడిమి బొట్టు... తడిగా ఉంది. ఇప్పుడే ఎవరో వేలితో దిద్దినట్టు ఎర్రగా మెరుస్తోంది.

"బొట్టు ఎవరు పెడుతున్నారు?" అన్నాను.

"నేను కాదక్కా" అంది మంగ.

"నేనూ కాదు" అంది అచ్చియ్యమ్మ. "దానికదే ఉంటాది."

ఇంక అక్కడ ఒక్క నిమిషం ఉండకూడదనుకున్నాను. వెలుతురు మిగిలి ఉండగానే బయటపడాలి. లోపలికెళ్ళి మంగ చీరలు రెండు మూట కట్టాను. వంటింటి సంగతి చెప్పను. మజ్జిగ కుండ మూత తీసి వెంటనే పెట్టేశాను, అంతే చెప్తాను. ఓ మూల లాంతరు కనపడితే అగ్గిపుల్ల గీసి వెలిగించాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

వీధిలో దీపాలన్నీ ఆరిపోయాయి. ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది. హమ్మయ్య, పీడా పోయింది, ఇక లేస్తారు అనుకుంటూ లాంతరు పట్టుకుని ముందుగదిలోకి వచ్చాను.

ఎవరూ లేవలేదు.

గాజు నల్లబడింది. నడుమ మాత్రం తెల్లటి చుక్క ఒకటి మిగిలింది, సరిగ్గా ఆ కుంకం బొట్టు వెనకాల. అది ఆరిపోవడం లేదు.

సుయ్... చప్పుడు కూడా ఆగలేదు.

కరెంటు లేదు. చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోంది? చెవి పెట్టి విన్నాను. పెట్టెలోంచి కాదు. ఆ ముగ్గురి నోళ్ళలోంచి వస్తోంది. పళ్ళు బిగించి, పెదాలు కొంచెం తెరిచి, ముగ్గురూ ఒకే ఊపిరిగా... సుయ్...

"మంగా... లేవే. నా తల్లి కదూ. బండి సిద్ధంగా ఉంది" అన్నాను.

ఇంతలో కొత్త వాసన తగిలింది. ఏదో చర్మం కాలుతున్నట్టు. లాంతరు అచ్చియ్యమ్మ మొహం దగ్గరికి పెట్టాను. ఆవిడకి అడ్డపొగ అలవాటు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్ళకి కొత్త కాదు, నాలిక తగలకుండా కాల్చడం వాళ్ళకి తెలుసు. ఆవిడ నోరు తెరుచుకుని ఉంది. లోపల ఎర్రగా నిప్పు. అది నాలిక మీద ఆని కాలుతోంది. నాలిక చిటపటమంటోంది. ఆవిడ కళ్ళు గాజు మీంచి కదలడం లేదు. నోటి మూలనుంచి నల్లటి చొంగ కారి రవికె తడిసిపోయింది.

నేను కెవ్వున అరిచి చుట్ట లాగి పారేశాను. దాంతోపాటు ఏదో ఊడి వచ్చింది. ఏమిటో చూడలేదు.

"అడ్డు... అడ్డు లే" అంది ఆవిడ, ముద్దగా.

లాంతరు ఎత్తాను. మంగ వెనక నిలబడ్డాను. వెలుగు గాజు మీద పడింది. నల్లటి గాజులో మా నీడలు కనపడ్డాయి, అద్దంలో కనపడ్డట్టే. నేను, కామేశం, అచ్చియ్యమ్మ. మధ్యలో మంగ.

మంగ కూచున్న చోటికి, గాజు మీది ఆ కుళ్ళిన దండ సరిగ్గా దాని నీడ మెడలో పడింది. ఆ తడి బొట్టు సరిగ్గా దాని నుదుట పడింది.

నాకు అప్పుడు అర్థమైంది. ఎవరూ లేని పటానికి దండ వేశారు. ఎవరో ఒకరు పడతారు అన్నారు. మంగ అంతకాలమూ సరిగ్గా ఆ చోటే, ఆ ఎత్తునే కూచుని ఉంది. కొంచెం కొంచెంగా... ముందు జుట్టు. తరవాత ముక్కు. నిన్న చెవి.

"లేవే!" అని రెండు చంకల కిందా చేతులు వేసి ఒక్క ఊపున లేపాను.

మంగ లేచింది.

గాజులో మంగ లేవలేదు.

అక్కడే కూచుని ఉంది. మెడలో దండ, నుదుట బొట్టు. నా చేతుల్లో మంగ వణుకుతోంది. గాజులో మంగ వణకడం లేదు. మెల్లగా కళ్ళు తెరిచింది. మిగతా ముగ్గుర్నీ చూడలేదు. నన్నే చూసింది.

"పడింది..." అన్నాడు కామేశం గుసగుసగా. "అమ్మా... బొమ్మ పడింది."

అచ్చియ్యమ్మ కాలిన నాలికతో నవ్వింది. చప్పట్లు కొట్టింది. ఒక్కతే, చీకట్లో, ఆగి ఆగి.

నేను మంగని ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చాను. నా అరుపు విని పరదేశి అప్పటికే బండి లాంతరుతో మెట్లెక్కి వస్తున్నాడు. గుమ్మంలో ఆగి లోపలికి చూశాడు. చప్పున తలపాగా తీశాడు. దణ్ణం పెట్టాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో... సిన్నమ్మగోరు ఎప్పుడు పోయేరమ్మా? ఓ మాటైనా సెప్పలేదేటి..."

మంగ నా భుజం మీద వాలి ఉంది, వాడికి మూరెడు దూరంలో.

"ఒరే... ఇదుగోరా. ఇది బతికే ఉంది" అన్నాను.

పరదేశి లాంతరు ఎత్తి దాని మొహం చూశాడు. మళ్ళీ లోపలికి చూశాడు. తలపాగా మళ్ళీ చుట్టుకోలేదు. మమ్మల్ని ఎక్కించి, ఎడ్లని అదిలించి, వడ్డాది చేరేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దారి పొడుగునా మంగ నా ఒళ్ళో పడుకుని నోటితో సన్నగా ఆ చప్పుడు చేస్తూనే ఉంది. పెద్ద పెద్దగా కబుర్లు చెప్తూ ఆ చప్పుడు వినపడకుండా చేసుకున్నాను.

మర్నాడు దానికి కుంకుడుకాయతో తలంటాను. నీళ్ళు నల్లగా పోయాయి. పేలు చూశాను, గోళ్ళు తీశాను, వేడి వేడిగా చారన్నం కలిపి పెట్టాను. తింది. కడుపులో బిడ్డ తంతోందని చెప్పి నవ్వింది కూడా. నా చెల్లెలు నాకు దక్కిందనుకున్నాను. మావారు కూడా, "ఏమీ లేదోయ్, చీకట్లో అదేపనిగా వెలుగుకేసి చూస్తే మనిషి మతి పోతుంది, పాలూ పెరుగూ పడితే సర్దుకుంటుంది" అన్నారు.

సాయంత్రం గోడ అద్దం ముందు పీట వేసి, మంగని కూచోబెట్టి, వెనక నిలబడి జడ అల్లుతున్నాను. మాటల్లో అద్దంకేసి చూశాను.

అద్దంలో నేనున్నాను. నా చేతులు కదులుతున్నాయి. గాలిలో జడ అల్లుతున్నాయి.

నా ముందు ఎవరూ లేరు.

మంగ తల దించుకుంది. "నేను అక్కడ ఉన్నాను కదక్కా" అంది, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

ఆ రాత్రే రోకలి పట్టుకుని బయల్దేరాను. ఆ పెట్టెని ముక్కలు ముక్కలు చేసి, ఆ ముక్కల మీద పేడనీళ్ళు చల్లి వద్దామనుకున్నాను. గడప దాటాక ఆగిపోయాను. పెట్టె పగలగొడితే అందులో ఉన్నది ఏమవుతుంది? లోపల మంగ చంటిదానికి కుట్టిన చొక్కాలు మడతపెట్టుకుంటోంది. రోకలి తెచ్చి మూలన పెట్టేశాను.

చైత్రంలో మంగకి ఆడపిల్ల పుట్టింది. ఏ లోపమూ లేదు, తల నిండా జుట్టు, గుక్కపట్టి ఏడుపు. కామేశానికి కబురు పంపలేదు. నేనే వద్దన్నాను. ఊళ్ళో కూడా సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పురిటిస్నానం అయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే పాపని ఎత్తుకుని అద్దం ముందు నిలబడేదాన్ని. పసిపిల్లలకి అద్దం చూపించకూడదంటారు. అననీ. అద్దంలో పాప కనపడేది. బోసినోరు తెరిచి ఆవులించేది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని దాన్ని తల్లి పక్కలో పడుకోబెట్టేదాన్ని. తల్లి ఎలాగైనా సరే, పిల్ల దక్కితే చాలు అనుకునేంతకి వచ్చాను. అలా అనుకోవడం ఎంత రోతగా ఉంటుందో మీకు చెప్పలేను.

నిన్న మధ్యాహ్నం పరదేశి వచ్చాడు. చోడవరం సరుకు దింపి వస్తున్నాడట. వాకిట్లోనే నిలబడ్డాడు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. తల ఎత్తకుండా చెప్పాడు.

"రోడ్డు మీద కామేశంబాబు ఆపేరమ్మా. గుర్తట్టలేకపోయేను. మొకం అంతా పుళ్ళు. మీకు ఓ మాట సెప్పమన్నారు."

"ఏటంట? పెళ్ళాన్ని పంపమన్నాడేటి?"

"కాదమ్మా. పంపొద్దన్నారు. ఇక్కడే ఉంది కదా అన్నారు." వాడు తలపాగా తీసి చేతుల్లో నలిపాడు. "ఒళ్ళోన పాప కూడా పడిందంటమ్మా. బొమ్మ సుబ్బరంగా ఉందంట. సెవి ఒక్కటే ఇంకా పడలేదంట. అది కూడా పడితే సూడ్డానికి రమ్మన్నారు."

ఇంట్లోకి పరిగెత్తాను. మంగ నిద్రపోతోంది. పక్కలో పాప మెలకువగా ఉంది, ఏడవడం లేదు. పెదాలు కొంచెం తెరిచి, ఊపిరితో సన్నగా చప్పుడు చేస్తోంది. ఎత్తుకున్నాను. వెచ్చగా, బరువుగా, పాలవాసనతో నా చేతుల్లోనే ఉంది. అద్దం ముందుకి తెచ్చాను.

అద్దంలో నా చేతులు ఒట్టివి.

నా మోచేతి దగ్గర, గాలిలో, చిన్న చెవి ఒక్కటి ఉంది. దాని అంచు చుట్టూ తెల్లగా, నల్లగా ఏవో లుకలుకలాడుతున్నాయి.